వెనిగర్‌లో ఆమ్లం ఎంత? సున్నపు తేటతో ఇంటి టైట్రేషన్: ప్రాజెక్టు డైరీ

లక్ష్యం ఒక్కటే. వెనిగర్‌లోనూ నిమ్మరసంలోనూ ఆమ్లం ఎంత శాతం ఉందో ల్యాబ్ గాజు సామాను లేకుండా కొలవాలి, దోషం 2% దాటకూడదు. ఎర్ర క్యాబేజీ రసం రంగు చూసి ఇది ఆమ్లం, అది క్షారం అని చెప్పే ప్రయోగం చాలామందికి తెలిసిందే. ఎంత ఉంది అన్న ప్రశ్నకు రంగు జవాబు చెప్పదు. దానికి టైట్రేషన్ కావాలి: ఆమ్లం అయిపోయేదాకా క్షారం పోసి, ఎంత పట్టిందో కొలవడం. ఈ పని మళ్లీ చేయదలచుకున్నవాళ్లు దశ 1 పూర్తి చేసి, దశ 2 చదివి వదిలేసి, దశ 3 నుంచి వరసగా చేసుకుంటూ వెళ్లవచ్చు.

ముందు జాగ్రత్త

సున్నపు తేట, అంటే సున్నం కలిపిన నీటిలో పైన తేరిన నీళ్లు, గట్టి క్షారం: పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె; 7 తటస్థం, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 12.4. చర్మాన్ని మండిస్తుంది, కంటికి చాలా ప్రమాదం. కళ్లకు గాగుల్స్, చేతులకు తొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తూ కనీసం 15 నిమిషాలు కడగాలి, ఆపైన డాక్టరుకు చూపించాలి. కొనేది తడిసున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి మాత్రమే. పొడిసున్నం (కాల్షియం ఆక్సైడ్) వేరు; అది నీళ్లలో వేస్తే కుతకుతలాడి మీదికి చిమ్ముతుంది, దాని జోలికి పోవద్దు.

సామాను

- 0.01 గ్రాము వరకు చూపే చిన్న తూకం, 500 గ్రాముల వరకు మోసేది
- మూతలో చుక్కల గొట్టం ఉన్న ప్లాస్టిక్ సీసా, 30 మి.లీ.
- ఒకే కొలత ఉన్న చిన్న గాజు గ్లాసులు నాలుగు
- కాఫీ వడపోత కాగితాలు
- స్వేదనజలం 3 లీటర్లు
- తడిసున్నం, తినే సోడా, క్రీమ్ ఆఫ్ టార్టార్, ఎర్ర క్యాబేజీ

## దశ 1: సూచిక (రంగు మారి ఆమ్లమో క్షారమో చూపే రసం) తయారీ

1. ఎర్ర క్యాబేజీ 50 గ్రాములు సన్నగా తరగాలి.
2. గాజు పాత్రలో వేసి, మరిగి దింపిన స్వేదనజలం 150 మి.లీ. పోయాలి.
3. 15 నిమిషాలు మూతపెట్టి ఉంచాలి. పొయ్యి మీద ఉడికించకూడదు.
4. కాగితంలో వడకట్టి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి.

మంచి రసం ముదురు ఊదా రంగులో ఉంటుంది. మొదటి నుంచే నీలంగా వస్తే అనుమానించాల్సినవి రెండు. ఒకటి నీళ్లు: కుళాయి నీటిలోని బైకార్బొనేట్ స్వతహాగా కొద్దిపాటి క్షారం. రెండోది పాత్ర: అల్యూమినియం, ఇనుము అయాన్లు రంగుపదార్థమైన ఆంథోసయనిన్‌తో జతకట్టి దాన్ని నీలానికి తిప్పుతాయి. అందుకే గాజు పాత్ర.

ఈ రసం పీహెచ్ 2 దగ్గర ఎరుపు, 3–4 దగ్గర గులాబీ, 6–7 దగ్గర ఊదా, 8 దాటాక నీలం, 9–10 దగ్గర ఆకుపచ్చ కలిసిన నీలం, 11–12 దగ్గర ఆకుపచ్చ. ఇంకా పైకి పోతే పసుపు. ఆ పసుపు నుంచి వెనక్కి రాలేం. గట్టి క్షారంలో రంగుపదార్థమే విరిగిపోతుంది కాబట్టి మళ్లీ ఆమ్లం పోసినా పాత ఎరుపు పూర్తిగా తిరిగిరాదు. క్షారం నింపిన సీసాలో సూచిక కలిపి దాచకూడదనడానికి కారణం ఇదే.

ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఆగుతుంది. ఎక్కువ రోజులు కావాలంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, కావలసినప్పుడు ఒక్కో ముక్క కరిగించుకోవాలి. దుర్వాసన మొదలైన రసం రంగు బాగానే ఉన్నా పారబోయండి.

ఇక రంగు ఎందుకు చాలదో చూడాలి. ఒక గ్లాసులో వెనిగర్ ఉన్నదున్నట్టు, ఇంకో గ్లాసులో అదే వెనిగర్‌ను 100 రెట్లు పలచన చేసి, రెండింట్లో సూచిక వేసి పక్కపక్కన పెట్టాం. మొదటిది ఎరుపు, రెండోది గులాబీ. ఆమ్లం నూరో వంతుకు పడిపోయినా రంగు ఒక్క మెట్టే దిగింది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం బలహీన ఆమ్లం. చిక్కటి వెనిగర్‌లో దాని అణువుల్లో చాలా కొద్ది భాగమే విడిపోయి హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది. పలచన చేసేకొద్దీ విడిపోయే వాటా పెరుగుతుంది. లెక్క వేస్తే పీహెచ్ 2.4 నుంచి 3.4కు మాత్రమే మారుతుంది. రంగు చూపేది ఆ క్షణంలో విడిగా ఉన్న అయాన్లను. మనకు కావలసింది మొత్తం నిల్వ. నిల్వ తెలియాలంటే క్షారం పోసి ఆ ఆమ్లాన్నంతా ఖర్చు చేయించాలి, పోసిన క్షారాన్ని కొలవాలి.

*ఇప్పటివరకు దోషం: కొలత అనేదే లేదు. 100 రెట్ల తేడా గులాబీకీ ఎరుపుకూ మధ్య ఇమిడిపోయింది.*

## దశ 2: తినే సోడాతో టైట్రేషన్ (విఫలం)

క్షారం అనగానే ముందు చేతికి అందేది తినే సోడా. శుద్ధంగా దొరుకుతుంది, ప్రమాదం లేదు, తూకం సులువు.

1. తినే సోడా 8.40 గ్రాములు స్వేదనజలంలో కరిగించి 200 మి.లీ. చేశాం. గాఢత లీటరుకు 0.5 మోల్ (మోల్ అంటే అణువులను లెక్కపెట్టే ప్రమాణం).
2. గ్లాసులో వెనిగర్ 5 మి.లీ., నీళ్లు 20 మి.లీ., సూచిక 1 మి.లీ.
3. సిరంజితో సోడా ద్రావణం కొద్దికొద్దిగా పోస్తూ రంగు చూశాం.

నురగ సంగతి పక్కన పెట్టండి, నెమ్మదిగా పోస్తే అది అణిగిపోతుంది. అసలు ఇబ్బంది రంగుతో. 7.6 మి.లీ. దగ్గర గులాబీ ఊదాలోకి జరగడం మొదలైంది. 11 మి.లీ. పోశాక గాని నీలం నిలబడలేదు. ఆ మధ్యలో ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు లేదు. 7.6 దగ్గర ఆగితే ఆమ్లం 4.5%, 11 దగ్గర ఆగితే 6.6%.

కారణం కార్బన్ డయాక్సైడ్. సోడా ఆమ్లంతో కలిసినప్పుడు పుట్టిన వాయువు అంతా బుడగలై పోదు, కొంత నీటిలోనే కరిగి కార్బొనిక్ ఆమ్లంగా మిగులుతుంది. వెనిగర్‌లోని ఆమ్లం సరిగ్గా అయిపోయే చోట పీహెచ్ 5.5 చుట్టూ ఉంటుంది. ఆ తర్వాత పోసే సోడా, కరిగి ఉన్న కార్బొనిక్ ఆమ్లంతో జతకూడి పీహెచ్ మారకుండా పట్టి ఉంచే బఫర్ అవుతుంది. పైగా తినే సోడా ద్రావణం పీహెచ్ తనంతట తానే 8.3 దగ్గర ఆగుతుంది, ఎంత పోసినా అంతకు మించి ఎక్కదు. ఎక్కడా రంగు చటుక్కున మారదు. టైట్రేషన్‌కు కావలసింది ఆ చటుక్కున మారడమే.

వేడిచేసి వాయువును తరిమేద్దామంటే మరో చిక్కు. మరిగేటప్పుడు ఆవిరితో పాటు ఎసిటిక్ ఆమ్లమూ పోతుంది, అంటే కొలవాల్సిన వస్తువే తగ్గిపోతుంది. క్యాబేజీ రంగు కూడా వేడికి వెలుస్తుంది. ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి తినే సోడాను వాషింగ్ సోడాగా మార్చుకోవచ్చు. పూర్తిగా మారితే బరువు 36.9% తగ్గుతుంది, అదే పరీక్ష. కానీ ఆమ్లంలో పోసినప్పుడు అది కూడా కార్బన్ డయాక్సైడే ఇస్తుంది. కాబట్టి కార్బొనేట్ కుటుంబాన్నే పక్కన పెట్టేశాం.

*ఇప్పటివరకు దోషం: సుమారు ±19%.*

## దశ 3: సున్నపు తేట

కార్బొనేట్ లేని గట్టి క్షారం కావాలి. కాస్టిక్ సోడా ఆ పని చేస్తుంది గాని, ఇంట్లో దాన్ని నిలవ ఉంచడం ప్రమాదం. పైగా గాలి తగిలితే చెమ్మ పీల్చుకుంటుంది, నమ్మకంగా తూచలేం. తడిసున్నంలో ఒక సుగుణం ఉంది: నీటిలో అది చాలా తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 1.7 గ్రాములు, అంతే. ఎంత ఎక్కువ వేసినా మిగిలింది అడుగున కూర్చుంటుంది. దాంతో తేట గాఢత తనంతట తానే ఒకచోట స్థిరపడుతుంది.

1. స్వేదనజలం 1 లీటరు ఐదు నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చాలి.
2. మెడ సన్నగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో తడిసున్నం 4 గ్రాములు వేసి, ఆ నీళ్లు మెడ దాకా నింపాలి. లోపల గాలి మిగలకూడదు.
3. మూత బిగించి గట్టిగా కుదపాలి. గంట గంటకూ నాలుగైదు సార్లు ఇలా చేయాలి.
4. ఒక రోజు కదపకుండా వదలాలి.
5. పైన తేరిన నీటిని సిరంజికి సన్నగొట్టం తగిలించి లాగి, చుక్కల సీసాలోకి ఎక్కించాలి. అడుగున ఉన్న సున్నం కదలకూడదు.

వేడి నీళ్లయితే ఎక్కువ కరుగుతుందనుకోవడం ఇక్కడ పొరపాటు. చాలా లవణాలకు భిన్నంగా సున్నం వేడికి తక్కువ కరుగుతుంది. 100 డిగ్రీల దగ్గర కరిగేది, చల్లటి నీటిలో కరిగేదాంట్లో సగం కూడా ఉండదు. వేడిగా ఉన్నప్పుడు తేట తీస్తే గాఢత తక్కువగా వస్తుంది.

వడకట్టాల్సి వస్తే గరాటు మీద మూత వేయండి. తెరిచి వడకడితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి నీటి మీద తెల్లటి పొర కడుతుంది. అది సుద్ద, కాల్షియం కార్బొనేట్. ఆ పొర ఎంత కడితే తేటలో క్షారం అంత తగ్గినట్టు. దశ 2లో మనల్ని ఇబ్బందిపెట్టిన వాయువే ఇక్కడ ఇంకో దారిన వస్తుంది.

## దశ 4: సిరంజి పోయి తూకం వచ్చింది

లీటరుకు 0.045 మోల్ చుట్టూ ఉన్న ఈ పలచటి క్షారంతో వెనిగర్‌ను ఉన్నదున్నట్టు కొలిస్తే తేట చాలా ఎక్కువ పోయాల్సి వస్తుంది. అందుకని వెనిగర్‌నే పలచన చేశాం: 10.00 గ్రాముల వెనిగర్‌కు స్వేదనజలం కలిపి మొత్తం 200.00 గ్రాములు.

మొదట 10 మి.లీ. సిరంజితో కొలిచాం. ఒకే నమూనాకు 8.8, 9.4, 9.2 మి.లీ. వచ్చాయి. సిరంజి మీద గీతలు 0.2 మి.లీ.కు ఒకటి. లోపలి దట్టా (పిస్టన్) అంచు ఏ గీత మీద ఉందో చూసే కోణాన్ని బట్టి మారుతుంది. ముక్కులో గాలి బుడగ ఉంటే అదీ లెక్కలోకి వచ్చేస్తుంది. నీళ్లు తూచి చూస్తే విషయం తేలింది: సిరంజి 10 మి.లీ. అని చూపినప్పుడు బయటికి వచ్చింది ఒకసారి 9.71 గ్రాములు, ఇంకోసారి 9.90. రావాల్సింది, 25 డిగ్రీల దగ్గర, 9.97.

కాబట్టి మి.లీ. లెక్క మానేసి గ్రాముల్లోకి మారాం. చుక్కల సీసాను టైట్రేషన్‌కు ముందు తూచడం, తర్వాత తూచడం, తేడా రాసుకోవడం. ఒక చుక్క బరువు సుమారు 0.05 గ్రాము, తూకం 0.01 చూపుతుంది, అంటే చుక్కలో ఐదో వంతు దాకా తెలుస్తుంది.

ఇక్కడ ఒక మెలకువ. గ్లాసును తూకం మీదే పెట్టి, అందులోకి చుక్కలు వేస్తూ అంకె చూడొద్దు. చవక తూకాలు మెల్లగా జరిగే చిన్న మార్పును సొంత అంకె జారుడుగా పొరబడి దాన్ని సున్నాకు సర్దుకుంటాయి. నిదానంగా వేసిన చుక్కలు లెక్కలోకి రాకుండా పోతాయి. సీసాను పూర్తిగా ఎత్తి, తూకం సున్నా చూపాక మళ్లీ పెట్టి తూచాలి.

*ఇప్పటివరకు దోషం: సిరంజితో ±3%, తూకంతో ±0.5% లోపు. క్షారం గాఢత ఇంకా తేలాలి.*

## దశ 5: ఎక్కడ ఆగాలి

వెనిగర్ ఆమ్లం పూర్తిగా ఖర్చయిన చోట గ్లాసులో మిగిలేది ఎసిటేట్, అంటే ఎసిటిక్ ఆమ్లపు లవణం. అది కొద్దిపాటి క్షారం. మన పలచదనంలో ఆ చోటి పీహెచ్ సుమారు 8.4. క్యాబేజీ రసం అక్కడ నీలం. కానీ ఎంత నీలం? కంటికి గుర్తుండే రంగు నమ్మదగింది కాదు, వెలుతురు మారితే అదీ మారిపోతుంది.

పరిష్కారం దశ 2లో పక్కన పెట్టిన తినే సోడా. ఎంత పోసినా 8.3 దగ్గరే ఆగడం అక్కడ లోపం, ఇక్కడ అదే కావాలి. చల్లటి స్వేదనజలం 40 మి.లీ., తినే సోడా 1 గ్రాము, సూచిక 1 మి.లీ. కలిపితే పోల్చుకునే గ్లాసు సిద్ధం. రెండు గ్లాసులూ తెల్ల కాగితం మీద పెట్టి, పైనుంచి చూస్తూ రంగులు కలిసేదాకా చుక్కలు వేయాలి. ఈ గ్లాసును ఏ రోజుకారోజు కొత్తగా చేసుకోవాలి. నిలవ ఉంటే కార్బన్ డయాక్సైడ్ వదిలి రంగు ఆకుపచ్చ వైపు జరుగుతుంది. వేడి నీళ్లు అసలు వద్దు.

సున్నపు తేటతో ఆ చివరి మార్పు ఎంత పదునుగా ఉంటుందంటే, ఒక చుక్క తక్కువైతే పీహెచ్ 7, ఊదా. సరిపోతే 8.4, నీలం. ఒక చుక్క ఎక్కువైతే 9.7, ఆకుపచ్చ కలిసిన నీలం. మూడు చుక్కల్లో మూడు రంగులు. దశ 2లో మూడు మి.లీ.లకు పైగా సాగిన మార్పు ఇది.

రంగు 30 సెకన్లు నిలిస్తే చాలు. ఆ తర్వాత మెల్లగా ఊదాలోకి జారితే అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని, ఇంకో చుక్క వేయకండి.

గ్లాసులో కలిపే నీళ్లు కూడా స్వేదనజలమే కావాలి. లీటరుకు 122 మి.గ్రా. బైకార్బొనేట్ ఉన్న కుళాయి నీళ్లు 30 మి.లీ. కలిపారనుకోండి, ఆ బైకార్బొనేట్ వెనిగర్ ఆమ్లంలో దాదాపు 15% మింగేసి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ వాయువు నీటిలోనే ఉండిపోతే పోసిన సున్నం దాన్ని తిరిగి బైకార్బొనేట్ చేస్తుంది, లెక్క సరిపోతుంది. గ్లాసును గట్టిగా తిప్పితే వాయువు ఎగిరిపోతుంది, ఆమ్లం తక్కువ చూపుతుంది. అంటే ఫలితం మీరు గ్లాసు తిప్పే తీరును బట్టి మారుతుంది. అంకెలు కారణం లేకుండా అటూఇటూ ఊగుతుంటే ముందు నీళ్లను అనుమానించండి.

పసుపును ఆల్కహాల్‌లో నానబెట్టి వాడి చూశాం. పీహెచ్ 7.4–8.6 మధ్య పసుపు నుంచి ఎర్రటి గోధుమరంగుకు మారుతుంది, చోటు సరైనదే. నీటిలో కలవగానే మసకబారుతుంది, రంగు పోల్చడం కష్టం. ఫినాఫ్తలీన్ (ల్యాబుల్లో వాడే సూచిక) దొరికితే అన్నిటికన్నా అదే మేలు.

## దశ 6: తేట గాఢత తేల్చడం

పుస్తకంలోని 1.7 గ్రాముల అంకె దారి చూపుతుంది, అంతవరకే. ఉష్ణోగ్రత, గాలి తగలడం, సున్నంలో కలిసి ఉన్న సుద్ద, అన్నీ దాన్ని మారుస్తాయి. కచ్చితంగా తెలిసిన ఆమ్లం ఒకటి కావాలి.

సిట్రిక్ ఆమ్లం పొడితో మొదలుపెట్టి మానేశాం. అది రెండు రకాలు: నీటి అణువు లేనిది, ఒక నీటి అణువు ఉన్నది. మోలార్ ద్రవ్యరాశులు (ఒక మోల్ బరువు, గ్రాముల్లో) 192.12, 210.14. పొట్లం మీద ఏ రకమో లేకపోతే అక్కడికక్కడే 9% తేడా.

క్రీమ్ ఆఫ్ టార్టార్‌కు ఆ గొడవ లేదు. పొటాషియం హైడ్రోజన్ టార్టరేట్, మోలార్ ద్రవ్యరాశి 188.18. చెమ్మ పీల్చదు, ఒక అణువుకు ఒక ఆమ్ల హైడ్రోజన్ మాత్రమే ఇస్తుంది.

1. 1.00 గ్రాము తూచి, వేడి స్వేదనజలంలో కరిగించి, చల్లార్చి, మొత్తం 250.00 గ్రాములు చేయాలి. గ్రాము ద్రావణంలో 0.02126 మిల్లీమోల్.
2. అందులోంచి 20.00 గ్రాములు, నీళ్లు 10 గ్రాములు, సూచిక 1 మి.లీ.
3. పోల్చుకునే గ్లాసుతో రంగు కలిసేదాకా తేట వేయాలి.
4. ఉత్త నీళ్లు 30 గ్రాములు, సూచికతో ఇదే చేసి, పట్టిన తేటను (0.08 గ్రాము) ప్రతి అంకెలోంచి తీసేయాలి.

చల్లటి నీటిలో 100 మి.లీ.కు అర గ్రాముకు కాస్త పైగా మాత్రమే కరుగుతుంది కాబట్టి ఇంతకంటే చిక్కగా చేయొద్దు, చల్లారాక అడుగున పలుకులు కడతాయి. తేట వేసేటప్పుడు తెల్లటి మసక రావచ్చు. అది కాల్షియం టార్టరేట్, ఆమ్లం లెక్కకు దానివల్ల నష్టం లేదు.

తేట బరువు: 9.52, 9.47, 9.49 గ్రాములు. సగటు 9.49.

లెక్క: 20.00 × 0.02126 = 0.4251 మిల్లీమోల్. దాన్ని 9.49తో భాగిస్తే గ్రాము తేటకు 0.0448 మిల్లీమోల్ క్షారం. సున్నం ఒక్కో మోల్‌కు రెండు మోల్‌ల క్షారం ఇస్తుంది కాబట్టి, సున్నంగా చూస్తే లీటరుకు 1.66 గ్రాములు. పుస్తకపు అంకెకు దగ్గరగానే ఉంది.

*ఇప్పటివరకు దోషం: ±1% చుట్టూ. ఇందులో పెద్ద వాటా ఆ 1.00 గ్రాము తూకానిదే. 2 కిలోల దాకా మోసే 0.01 గ్రాము తూకం ఉంటే 4.00 గ్రాములు తూచి ఒక లీటరు చేసుకోండి, ఈ భాగం పావు వంతుకు పడిపోతుంది.*

## దశ 7: అసలు కొలత

వెనిగర్. పలచన చేసింది 10.00 గ్రాములు, అంటే అసలు వెనిగర్ 0.500 గ్రాము. నీళ్లు 20 గ్రాములు, సూచిక 1 మి.లీ.

తేట: 9.14, 9.08, 9.11 గ్రాములు. సగటు 9.11.
9.11 × 0.0448 = 0.408 మిల్లీమోల్.
0.408 × 60.05 (ఎసిటిక్ ఆమ్లం మోలార్ ద్రవ్యరాశి) = 24.5 మి.గ్రా. ఆమ్లం.
500 మి.గ్రా.లో 24.5, అంటే 4.9%. సీసా మీద ఉన్నది 5%.

నిమ్మరసం. కాగితంలో వడకట్టాకే తూచాలి. తొనల పీచు ఉంటే రంగు పట్టి ఉంచి, గ్లాసు మసకగా కనిపిస్తుంది. పలచన చేసే తీరు అదే, 10.00 నుంచి 200.00. సిట్రిక్ ఆమ్లం అణువుకు మూడు ఆమ్ల హైడ్రోజన్లు కాబట్టి 60.05 బదులు 192.12లో మూడో వంతు, 64.04 వాడాలి. ఇది మరిచిపోతే జవాబు మూడు రెట్లు వస్తుంది.

తేట: సగటు 9.76 గ్రాములు.
9.76 × 0.0448 × 64.04 = 28.0 మి.గ్రా.
5.6%, సిట్రిక్ ఆమ్లంగా లెక్కిస్తే. నిమ్మరసంలో మాలిక్ ఆమ్లం లాంటివి కూడా కొద్దిగా ఉంటాయి, అవీ ఇందులో కలిసే ఉంటాయి.

బ్లీచ్‌ను ఈ పద్ధతిలో కొలవడానికి ప్రయత్నించొద్దు. క్యాబేజీ రంగును అది విరిచేస్తుంది. అంతకంటే ముఖ్యం, బ్లీచ్‌లో వెనిగర్ గాని, నిమ్మరసం గాని, ఏ ఆమ్లం గాని పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లీచ్ వాడిన గ్లాసు ఈ పనికి తీయకండి.

*మొత్తం దోషం: ±1.5%. ఒక్కో నమూనాకు పట్టే సున్నపు తేట, మూడు కొలతలకు, సుమారు 30 గ్రాములు.*

## దశ 8: నిలవ, పారబోత

తేరిన నీళ్లు వేరే సీసాలోకి తీసి, సగం ఖాళీగా వారం ఉంచి చూశాం. గాఢత 0.0448 నుంచి 0.0431కు పడింది, గోడలకు తెల్లటి మరక. అడుగున సున్నం ఉన్న పెద్ద సీసాలో అయితే ఈ నష్టం తనంతట తానే పూడుతుంది, కొత్త సున్నం కరుగుతుంది. కాబట్టి ఏ రోజుకు కావలసిన తేట ఆ రోజే పైనుంచి తీసుకోవాలి. గదిలో వేడి మారిన రోజున క్రీమ్ ఆఫ్ టార్టార్‌తో ఒకసారి సరిచూడాలి.

గ్లాసుల మీద సుద్ద మరకకు మిగిలిన వెనిగర్ పోస్తే బుడగలు వచ్చి పోతుంది. ఆ తర్వాత స్వేదనజలంతో మూడుసార్లు తొలవాలి, లేకపోతే గోడకంటిన ఆమ్లం తర్వాతి కొలతలో కలుస్తుంది. మిగిలిన సున్నపు తేటను, పలచన చేసిన వెనిగర్‌ను ఒకే బకెట్‌లో పోసి, సూచిక చుక్కలు వేసి, ఊదా రంగుకు వచ్చాక సింకులో వదలవచ్చు. అడుగున మిగిలిన సున్నం ముద్దను మాత్రం సింకులో వేయొద్దు, గొట్టంలో సుద్దగా గట్టిపడుతుంది. మూత బిగిసిన డబ్బాలో ఉంచి తర్వాతి లీటరుకు వాడుకోండి.

తర్వాత చేయాల్సింది పెరుగు. లాక్టిక్ ఆమ్లం, మోలార్ ద్రవ్యరాశి 90.08, అణువుకు ఒక ఆమ్ల హైడ్రోజన్. తెల్లటి ద్రవంలో క్యాబేజీ రంగు లేతగా కనిపిస్తుంది కాబట్టి పోల్చుకునే గ్లాసులో కూడా అంతే పెరుగు కలపాల్సి ఉంటుంది. కానీ పెరుగు ఆ గ్లాసు పీహెచ్‌ను 8.3 కిందికి లాగుతుంది. ఫినాఫ్తలీన్‌తో మొదలుపెట్టడమే నయం.